వసంతారంభంలో సీతాకోకచిలుకల పరిశీలన, సేకరించిన గుడ్ల పెంపకం: కరివేపాకు, నిమ్మ మొక్కల ఆధారంగా ఒక విస్తరణ పాఠం

సారాంశం

శీతకాలం ముగిసి కరివేపాకు, నిమ్మ మొక్కలు కొత్త చిగురు తొడిగే ఫిబ్రవరి, మార్చి నెలలలో నిమ్మ సీతాకోకచిలుక ఆ లేత ఆకులపై గుడ్లు పెడుతుంది. నారుమళ్ళలో ఏరివేసిన గుడ్లను, కత్తిరింపులలో పారవేసే కొమ్మలపై ఉన్న గుడ్లను సేకరించి ఇంటివద్ద లేదా ప్రయోగశాలలో పెంచడం వలన ఈ కీటకపు జీవిత చక్రం, సహజ శత్రువుల పాత్ర, ఉష్ణోగ్రత ప్రభావం ప్రత్యక్షంగా బోధపడతాయి. పరిశీలన పద్ధతి, పెంపకంలోని మెలకువలు, నమోదు చేయవలసిన అంశాలు, ఈ కార్యక్రమపు పరిమితులు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. ఆకుపై గుడ్డు కనిపించినంత మాత్రాన పురుగుమందు పిచికారీకి సిఫారసు చేయరాదని, ఆ గుడ్లలో సజీవమైనవి ఎన్నో తెలుసుకొని నిర్ణయం తీసుకోవాలని ఈ పాఠం ప్రతిపాదిస్తుంది.

ముఖ్య పదాలు: నిమ్మ సీతాకోకచిలుక, కరివేపాకు, గుడ్డు పరాన్నజీవులు, డిగ్రీ దినాలు, విస్తరణ విద్య

ఉపోద్ఘాతం

తెలుగునాట పెరటిలో కరివేపాకు మొక్క లేని ఇల్లు అరుదు. వాణిజ్య పంటగా గుంటూరు ప్రాంతంలోని పెదవడ్లపూడి పరిసరాలలో కరివేపాకు, గూడూరు, పొదలకూరు, నకిరేకల్ ప్రాంతాలలో నిమ్మ ప్రసిద్ధి పొందాయి. ఈ రెండూ రూటేసి కుటుంబానికి చెందిన మొక్కలు. అదే కుటుంబానికి చెందిన మారేడు, వెలగ చెట్లతో పాటు ఈ రెండింటినీ ఆశ్రయించి జీవించే కీటకం నిమ్మ సీతాకోకచిలుక. దీని శాస్త్రీయ నామం పాపిలియో డెమోలియస్. 1758లో లిన్నేయస్ దీనికి ఈ పేరు పెట్టాడు.

ఉద్యాన శాస్త్ర పాఠ్యాంశాలలో ఇది నిమ్మజాతి పంటలను ఆశించే ఆకుతినే గొంగళి పురుగుగా కనిపిస్తుంది. ప్రకృతి పరిశీలకుల దృష్టిలో నలుపు రంగుపై లేత పసుపు మచ్చలతో పూలపై వాలే అందమైన జీవి. రెండూ వాస్తవాలే. అయితే పొలంలో నిర్ణయం తీసుకోవలసిన విస్తరణ శాస్త్రవేత్తకు ఈ రెండు దృష్టులలో ఏ ఒక్కటీ సరిపోదు. ఎదిగిన చెట్టుపై కొన్ని గొంగళి పురుగులు చేసే నష్టం స్వల్పం. నారుమడిలోని అడుగు ఎత్తు మొక్కను మాత్రం రెండు మూడు పురుగులు మోడుగా మార్చగలవు. ఈ తేడాను గుర్తించకుండా గుడ్డు కనిపించిన వెంటనే మందు చల్లితే రెండు నష్టాలు కలుగుతాయి. మొదటిది, గుడ్లను లోపలినుండే నశింపజేసే మిత్రపురుగులు చనిపోతాయి. రెండవది, పచ్చిగా వంటలో వాడే కరివేపాకుపై పురుగుమందుల అవశేషాలు మిగులుతాయి. మన దేశం నుండి వెళ్ళే కరివేపాకుపై ఈ అవశేషాల కారణంగానే ఐరోపా సమాఖ్య అదనపు తనిఖీలను విధించిన సంగతి ఎగుమతిదారులకు తెలిసినదే.

గుడ్డును చూసి దాని భవిష్యత్తును అంచనా వేయగల నేర్పు పుస్తకం చదివి రాదు. గుడ్లను పెంచి చూసినవారికే అది అలవడుతుంది. 1679లో జర్మనీలో గొంగళి పురుగులపై గ్రంథం ప్రచురించిన మరియా సిబిల్లా మెరియన్ వాటిని స్వయంగా పెంచి, ప్రతి పురుగునూ అది తినే మొక్కతో కలిపి చిత్రించింది. కొన్ని పురుగుల నుండి సీతాకోకచిలుకకు బదులు ఈగలు, కందిరీగల వంటి కీటకాలు వెలువడడాన్ని కూడా ఆమె నమోదు చేసింది. నేడు పరాన్నజీవులుగా పిలుస్తున్న మిత్రపురుగుల గురించిన తొలినాటి పరిశీలనలలో ఇవి కొన్ని.

వసంతారంభ పరిశీలన: కాలం, స్థలం, పద్ధతి

చలి రోజులలో కరివేపాకు మొక్క ఎదుగుదల మందగిస్తుంది. మాఘమాసం దాటి పగటి ఉష్ణోగ్రతలు పెరిగే కొద్దీ నిద్రాణంగా ఉన్న మొగ్గలు మేల్కొని లేత చిగురు వస్తుంది. నిమ్మలోనూ ఈ కాలంలో పూతతో పాటు కొత్త చిగురు కనిపిస్తుంది. లేత ఆకు ఉన్నచోటికే ఆడ సీతాకోకచిలుక వస్తుంది కనుక ఫిబ్రవరి రెండవ పక్షం నుండి ఉగాది వరకు పరిశీలనకు అనువైన కాలం.

సీతాకోకచిలుకలు శీతల రక్త జీవులు. ఎగరడానికి వాటి వక్షంలోని కండరాలు వేడెక్కాలి. అందువలన ఉదయపు ఎండలో రెక్కలు పరచి కూర్చుంటాయి. మన ప్రాంతాలలో ఈ కాలంలో ఉదయం 8.30 నుండి 11 గంటల వరకు పరిశీలన ఫలవంతంగా ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ ముదిరిన తరువాత అనేక జాతులు నీడకు చేరతాయి. పంట కాలువల గట్లపై, తేమ నేలపై గుంపుగా వాలినవి చాలావరకు మగవి. సోడియం వంటి లవణాలను ఆ తడి నుండి అవి గ్రహిస్తాయి. అక్కడ గుడ్ల కోసం వెదకడం వృథా. గుడ్లు కావాలంటే చిగురు వేసిన మొక్క వద్ద వేచి ఉండాలి.

ఏ సీతాకోకచిలుక ఏ మొక్కను ఆశ్రయిస్తుందో తెలిసిన విద్యార్థి సగం పాఠం నేర్చినట్లే. జిల్లేడుపై ప్లెయిన్ టైగర్, రేలచెట్టుపై కామన్ ఎమిగ్రెంట్, గన్నేరుపై కామన్ క్రో, ఆముదంపై కామన్ క్యాస్టర్, ఉద్యానాలలో నిటారుగా పెంచే అశోకపై టెయిల్డ్ జే, ఈశ్వరి తీగపై క్రిమ్సన్ రోజ్ గుడ్లు పెడతాయి. కరివేపాకు, నిమ్మలపై నిమ్మ సీతాకోకచిలుకతో పాటు కామన్ మోర్మాన్ కూడా గుడ్లు పెడుతుంది. కామన్ మోర్మాన్ ఆడవాటిలో మూడు రూపాలు ఉన్నాయి. ఒకటి మగదానిని పోలి ఉంటుంది. మరొకటి కామన్ రోజ్‌ను, ఇంకొకటి క్రిమ్సన్ రోజ్‌ను అనుకరిస్తాయి. ఈ రెండు రోజ్ జాతులూ పక్షులకు రుచించవు కనుక ఆ రూపం వాటికి రక్షణ.

లెక్కించడానికి ఇంగ్లండులో పోలార్డ్ 1970లలో రూపొందించిన నడక పద్ధతి సులభమైనది. ఒకే నిర్దిష్ట మార్గంలో వారానికి ఒకసారి ఒకే వేగంతో నడుస్తూ, ఇరువైపులా రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్ల పరిధిలో కనిపించిన సీతాకోకచిలుకలను జాతులవారీగా లెక్కించడం దీని సారాంశం. 1976లో ప్రారంభమైన బ్రిటన్ సీతాకోకచిలుకల పరిశీలన పథకానికి ఇదే ఆధారం. కళాశాల క్షేత్రంలో నారుమడి, తోట, గట్టు, కాలువ మీదుగా సాగే అర కిలోమీటరు దారిని ఎంచుకొని, ఉష్ణోగ్రత, మబ్బు, గాలి వివరాలతో పాటు గుడ్లు పెడుతున్న ఆడవాటిని విడిగా నమోదు చేయాలి. ఒక్కరోజు లెక్కకు విలువ తక్కువ. పది వారాల లెక్కను చిగురు వచ్చిన తేదీలతో సరిపోల్చినప్పుడే సంబంధం తెలుస్తుంది.

గుడ్డును గుర్తించడం

గుడ్లు పెట్టే ఆడ సీతాకోకచిలుక ప్రవర్తన ప్రత్యేకమైనది. పూలపై ఆగదు. మొక్క చుట్టూ తచ్చాడుతూ, రెక్కలు ఆడిస్తూనే ముందుకాళ్ళతో ఆకును తట్టి చూస్తుంది. కాళ్ళ కొసలలోని రుచి గ్రాహకాలతో మొక్కను గుర్తుపట్టి, ఉదరాన్ని వంచి ఒక గుడ్డును అంటించి, మరో చిగురుకు వెళుతుంది. గుడ్లను గుంపుగా పెట్టదు. లేత ఆకు అంచున, కొసన, రెమ్మపై ఒక్కొక్కటిగా పెడుతుంది.

గుడ్డు గుండ్రంగా, నునుపుగా, ఆవగింజ పరిమాణంలో ఉండి పెట్టినప్పుడు లేత పసుపు రంగులో ఉంటుంది. పిండం ఎదిగే కొద్దీ గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి. పొదిగే ముందు రోజు పెంకులోనుండి పురుగు నల్లని తల కనిపిస్తుంది. ట్రైకోగ్రామా కందిరీగ ఆశించిన గుడ్డు రూపం వేరు. అది మచ్చలు లేకుండా అంతటా ఒకే విధంగా నల్లబడుతుంది. కందిరీగలు బయటకు వచ్చిన తరువాత పెంకుపై సూదితో పొడిచినట్టు చిన్న గుండ్రని రంధ్రం మిగులుతుంది. పురుగు పొదిగినప్పుడు మాత్రం పెంకును చాలావరకు తినివేస్తుంది. కంటికి అలవాటైతే చేతి భూతద్దంతో పొలంలోనే ఈ తేడా పట్టవచ్చు.

ఏ గుడ్లను సేకరించాలి

ఎదిగిన చెట్టుపై సహజంగా ఉన్న గుడ్డును తెచ్చి ఇంటిలో పెంచడాన్ని రక్షణగా భావించనవసరం లేదు. ఎటూ నశించబోయే గుడ్లు మూడు చోట్ల లభిస్తాయి. మొదటిది, నారుమళ్ళలో చేతితో ఏరివేసే గుడ్లు. రెండవది, కరివేపాకు కోత, కొమ్మల కత్తిరింపు తరువాత మిగిలే చెత్త. మూడవది, వంటకు ఇంటి పెరటిలో కోసిన రెబ్బలు. బజారులో కొన్న కట్టలపై గుడ్లు దొరికినా, ఆ ఆకుపై మందుల చరిత్ర తెలియదు కనుక వాటితో నమోదు చేసిన ఫలితాలను నమ్మలేము.

గుడ్డును వేలితో గాని, శ్రావణంతో గాని ఆకు నుండి పెకలించరాదు. పెంకు చిట్లుతుంది. ఆకుతో సహా, వీలైతే రెండు అంగుళాల రెమ్మతో సహా కత్తిరించాలి. ప్రతి గుడ్డుకు వరుస సంఖ్య, తేదీ, మొక్క పేరు, గుడ్డు రంగు రాసిన చీటీ ఉండాలి.

పెంపకం

సామగ్రి ఖరీదైనది కాదు. గుడ్లకు గాజు గొట్టాలు లేదా చిన్న పారదర్శక డబ్బాలు, పురుగులకు మూతకు బదులు పలుచని వస్త్రం కట్టిన వెడల్పాటి సీసాలు, అడుగున పరచడానికి కాగితం, మెత్తని కుంచె, ఒక ఉష్ణమాపకం చాలు. పరాన్నజీవులను గమనించదలచినప్పుడు గుడ్లు ఉన్న గొట్టాన్ని గట్టి దూది బిరడాతో మూయాలి. అర మిల్లీమీటరు ఉండే ట్రైకోగ్రామా దోమతెర రంధ్రాలలో నుండి సులభంగా వెళ్ళిపోతుంది.

గుడ్డు దశ: సాధారణంగా 3 నుండి 5 రోజులు. ఆకు వాడిపోకుండా రెమ్మ చివర తడి దూది చుట్టాలి. డబ్బాలో నీటి బిందువులు నిలిస్తే బూజు పడుతుంది. ఎండ నేరుగా తగలరాదు.

గొంగళి పురుగు దశ: సుమారు రెండు నుండి మూడు వారాలు. ఈ కాలంలో నాలుగుసార్లు కుబుసం విడిచి ఐదు ఉపదశలు దాటుతుంది. మొదటి నాలుగు ఉపదశలలో నలుపు, గోధుమ, తెలుపు కలిసి అచ్చం పక్షిరెట్ట వలె కనిపిస్తుంది. ఐదవ ఉపదశలో పచ్చగా మారి దాదాపు 4 సెంటీమీటర్లకు ఎదుగుతుంది. తాకినప్పుడు తల వెనుక నుండి చీలిన నాలుక వంటి అవయవాన్ని బయటకు చాచి ఘాటైన వాసన విడుస్తుంది. ఇది చీమలు, చిన్న శత్రువుల నుండి రక్షణ. కుబుసం విడిచే ముందు పురుగు ఒక రోజు కదలకుండా ఉంటుంది. చనిపోయిందని భావించి కదిలించరాదు.

కోశస్థ దశ: సుమారు 8 నుండి 10 రోజులు. ఐదవ ఉపదశ చివర పురుగు తినడం మాని, పలుచని విసర్జకం వదలి, గోడలవెంట తిరుగుతుంది. అప్పుడు సీసాలో నిలువుగా పుల్లలు ఉంచాలి. తోకవైపు పట్టుమెత్త, నడుముకు పట్టుదారం అల్లుకొని తల పైకి ఉండేలా ఒరిగి నిలుస్తుంది. చుట్టూ పచ్చని ఆకులు ఉంటే ప్యూపా పచ్చగా, గోధుమ రంగు పుల్లపై గోధుమగా ఏర్పడడం విద్యార్థులకు ఆసక్తికరమైన ప్రయోగం.

రెక్కల పురుగు: ఎక్కువగా ఉదయం వేళ వెలువడుతుంది. రెక్కలు వ్రేలాడి సాగడానికి గరుకైన నిలువు ఆధారం, తగినంత ఖాళీ అవసరం. ఇరుకు డబ్బాలో వెలువడిన సీతాకోకచిలుక రెక్కలు ముడుచుకొనే గట్టిపడతాయి. అటువంటిది ఇక ఎగరలేదు. ఎర్రని ద్రవం విడవడం సహజం, అది రక్తం కాదు. రెక్కలు ఆరిన కొన్ని గంటల తరువాత, ఎండ ఉన్న వేళ, గుడ్డు దొరికిన ప్రాంతంలోనే విడిచిపెట్టాలి.

పెంపకంలో వైఫల్యానికి సాధారణ కారణాలు మూడు. మొదటిది మందు అంటిన ఆకు. నిమ్మలో ఆకుతొలిచే పురుగు, సిల్లా నివారణకు వాడే ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ వంటివి మొక్క అంతటా వ్యాపించే అంతర్వాహిక మందులు. ఆకును ఎంత కడిగినా లోపలి మందు పోదు. ఇటువంటి ఆకు తిన్న పురుగు వణుకుతూ, ఆకుపచ్చని ద్రవం కక్కి చనిపోతుంది. రెండవది కిక్కిరిసిన పెంపకం, అపరిశుభ్రత. ఒక సీసాలో నాలుగైదు పురుగులకు మించరాదు. రోజూ విసర్జకాలు తీసివేయాలి. మెత్తబడి నల్లగా కారిపోయే పురుగు కనిపిస్తే వ్యాధిగా భావించి దానిని తొలగించి, సీసాను బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రపరచాలి. మూడవది నీటిలో పడి చనిపోవడం. రెమ్మలు ఉంచిన నీటి సీసా మూతిని దూదితో మూసివేస్తే ఇది జరగదు.

మరణాల లెక్క: పాఠంలోని కీలకం

ఒక ఆడ సీతాకోకచిలుక నూరు గుడ్లు పెట్టిందనుకొందాము. తరతరానికీ సంఖ్య పెరగక తరగక ఉండాలంటే వాటిలో సగటున రెండు మాత్రమే పెరిగి సంతానం పొందాలి. మిగిలిన తొంభై ఎనిమిదీ ఏదో ఒక దశలో నశిస్తాయి. అవి సాలీళ్ళకు, చీమలకు, గిజిగాళ్ళ వంటి పక్షుల పిల్లలకు, కందిరీగలకు ఆహారం. గుడ్డు దశలో ట్రైకోగ్రామా, టెలినోమస్, పురుగు దశలో అపాంటెలిస్ వర్గానికి చెందినవి, కోశస్థ దశలో టెరోమేలస్ ప్యూపారమ్ ప్రధాన పరాన్నజీవులు. రైతు ఖర్చు లేకుండా పొలంలో జరుగుతున్న సస్యరక్షణ ఇదే.

దీనిని కొలిచే పద్ధతి సులభం. క్షేత్రం నుండి తెచ్చిన గుడ్లను ఒక్కొక్కటి ఒక్కొక్క గొట్టంలో ఉంచి ఏది ఏమైనదో రాయాలి. ఊహాత్మక ఉదాహరణగా, 40 గుడ్లలో 14 నల్లబడి కందిరీగలు వెలువడ్డాయి, 4 పొదగలేదు, 22 నుండి పురుగులు వచ్చాయి అనుకొందాము. అప్పుడు పరాన్నజీవుల వాటా 35 శాతం, పొదగనివి 10 శాతం, సజీవ గుడ్లు 55 శాతం. మొక్కలపై కనిపించిన ప్రతి నూరు గుడ్లలో పంటను తినగలిగినవి 55 మాత్రమే.

ఈ లెక్కకు ఒక హెచ్చరిక జతచేయాలి. నిన్న పెట్టిన గుడ్డును నేడు తెచ్చివేస్తే, మిగిలిన రెండు మూడు రోజులలో దానిని ఆశించగలిగే కందిరీగలకు ఆ అవకాశం లేకుండా చేసినట్లే. కనుక తాజా గుడ్ల నుండి వచ్చిన శాతాన్ని కనిష్ఠ అంచనాగానే గ్రహించాలి. అదే విధంగా ఇంటిలోపల పెంచిన పురుగులకు బయటి శత్రువులు సోకవు కనుక, ఇంటిలో బ్రతికిన శాతాన్ని పొలానికి అన్వయించరాదు.

ఉష్ణోగ్రతకు, కాలానికి సంబంధం

పంటల పక్వదశను డిగ్రీ దినాలతో అంచనా వేయడం సస్యశాస్త్ర విద్యార్థులకు పరిచితమే. కీటకాలకూ అదే సూత్రం వర్తిస్తుంది. ఉదాహరణకు ఎదుగుదలకు కనీస ఉష్ణోగ్రతను 10 డిగ్రీల సెల్సియస్‌గా తీసుకొందాము. గది సగటు ఉష్ణోగ్రత 24 డిగ్రీలు ఉన్నప్పుడు రోజుకు 14 డిగ్రీ దినాలు సమకూరుతాయి. గుడ్డు నుండి రెక్కల పురుగు వరకు 28 రోజులు పట్టితే మొత్తం 392. సగటు 29 డిగ్రీలకు పెరిగితే రోజుకు 19 చొప్పున అదే మొత్తం సుమారు 21 రోజులలో పూర్తవుతుంది. ఈ అంకెలు లెక్క చేసే విధానాన్ని చూపడానికే. ఫిబ్రవరిలో ఒక జట్టు, ఏప్రిల్‌లో మరొక జట్టు గుడ్లను పెంచి, రోజువారీ ఉష్ణోగ్రతలు నమోదు చేస్తే విద్యార్థులు తమ సొంత అంకెలను పొందగలరు. మొదటి చిగురుపై గుడ్లు కనిపించిన తేదీ నుండి పెద్ద పురుగులు ఎప్పుడు వస్తాయో ముందుగా చెప్పగలగడం దీని ప్రయోజనం.

ఈ అంచనా అవసరం ఎందుకంటే, గొంగళి పురుగు తన జీవితంలో తినే ఆకులో అత్యధిక భాగం చివరి ఉపదశలోనే తింటుంది. రైతు కంటికి ఆనేది కూడా ఆ పచ్చని పెద్ద పురుగే. అది కనిపించి మందు కొట్టేనాటికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. గుడ్డును గుర్తించగలిగిన రైతుకు వారం పైగా వ్యవధి లభిస్తుంది.

పెంపకం పరిమితులు

సీతాకోకచిలుకలను ఇంటిలో పెంచి విడిచిపెట్టడం జాతి సంరక్షణకు మార్గం కాదు. ఉత్తర అమెరికాలో వలసకు ప్రసిద్ధి చెందిన మోనార్క్ సీతాకోకచిలుక విషయంలో ఇది స్పష్టపడింది. వాణిజ్యపరంగా పెంచిన మోనార్క్‌లు శరదృతువులో దక్షిణ దిశను పట్టుకోలేకపోతున్నాయని, ఇంటిలోపలి వాతావరణంలో పెరిగినవాటిలోనూ ఈ లోపం కనిపించిందని 2019లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. కిక్కిరిసిన పెంపకం వలన వాటిలో ఏకకణ పరాన్నజీవి వ్యాప్తి చెందే ప్రమాదమూ ఉన్నది. నిమ్మ సీతాకోకచిలుక అరుదైనది కాదు కనుక దాని సంఖ్యను పెంచవలసిన అవసరం అసలే లేదు. అరుదైన జాతులకు కావలసినవి వాటి ఆశ్రయ మొక్కలు, మందులు పడని గట్లు.

ఒక ప్రాంతపు గుడ్లను, పురుగులను దూరప్రాంతాలకు తరలించడం మరింత ప్రమాదకరం. ఆసియాకు చెందిన నిమ్మ సీతాకోకచిలుక 2004లో కరీబియన్ దీవులలోని డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించి, రెండేళ్ళలోనే జమైకా, ప్యూర్టోరికోలకు వ్యాపించి అక్కడి నిమ్మ నారుమళ్ళకు కొత్త సమస్య అయింది. ఇదే జాతికి చెందిన ఆస్ట్రేలియా ఉపజాతి నిమ్మను కాక మన బావంచాల మొక్కకు దగ్గరి బంధువులైన చిక్కుడు కుటుంబపు మొక్కలను ఆశ్రయించడం గమనార్హం. ఒకే పేరుగల కీటకం ప్రాంతాన్నిబట్టి పురుగు కావచ్చు, కాకపోవచ్చు.

కొన్ని సీతాకోకచిలుకలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు షెడ్యూళ్ళలో ఉన్నాయి. కనుక బోధనకు సేకరణను పంట మొక్కలపై విరివిగా దొరికే నిమ్మ సీతాకోకచిలుక, కామన్ మోర్మాన్‌లకే పరిమితం చేయాలి. ఈశ్వరి తీగ వంటి మొక్కలపై కనిపించే జాతులను చూచి, ఛాయాచిత్రం తీసి విడిచిపెట్టడం ఉచితం.

క్షేత్రంలో నిర్ణయం

నారుమడి యజమాని ఒక న్యాయమైన ప్రశ్న వేయవచ్చు: ఏరివేసిన గుడ్లను పెంచి మళ్ళీ వదిలితే అవి తన మొక్కలపైనే గుడ్లు పెట్టవా? దీనికి తగిన ఏర్పాటు ఉన్నది. వరిలో కాండం తొలిచే పురుగు గుడ్ల సముదాయాలను వెదురు పంజరంలో ఉంచి, పురుగులు పైరుకు చేరకుండా, పరాన్నజీవులు మాత్రం ఎగిరిపోయేలా చేసే పద్ధతి సుపరిచితం. అదే సూత్రంతో ఏరిన నిమ్మ గుడ్లను నారుమడి గట్టున నీటి పళ్ళెం మధ్య నిలిపిన డబ్బాలో ఉంచి, పైన దోమతెర కట్టాలి. కందిరీగలు తెర దాటి తిరిగి నారుమడికి చేరతాయి. పొదిగిన పురుగులలో పాఠానికి కావలసినవి తీసుకొని, మిగిలినవాటిని దూరంగా ఉన్న ఎదిగిన మారేడు, వెలగ చెట్లపైకి మార్చవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ఇవ్వదగిన సూచనల క్రమం ఇది:

1. ఎదిగిన నిమ్మ చెట్లు, పెరటి కరివేపాకుపై కొద్దిపాటి గుడ్లు, పురుగులు కనిపిస్తే ఏ చర్యా అవసరం లేదు.

2. నారుమళ్ళలో, కొత్తగా నాటిన తోటలలో చిగురు వచ్చినప్పటి నుండి వారానికి రెండుసార్లు గుడ్లను పరిశీలించి చేతితో ఏరివేయించాలి. ఏరినవాటిని నలిపివేయక పైన తెలిపిన డబ్బాలో ఉంచాలి.

3. నల్లబడిన గుడ్లు గణనీయంగా ఉంటే పిచికారీని వాయిదా వేయాలి.

4. ఏరివేతకు మించిన ఉధృతి ఉన్నప్పుడు 5 శాతం వేప గింజల కషాయం లేదా బి.టి. మందును పురుగులు చిన్నవిగా ఉన్న దశలో వాడాలి. బి.టి. పెద్ద పురుగులపై అంతగా పనిచేయదు.

5. సిల్లా, ఆకుతొలిచే పురుగుల కోసం చేసే పిచికారీ ఇదే చిగురుపై పడుతుంది కనుక, ఆ నిర్ణయం తీసుకొనేటప్పుడు గుడ్డు పరాన్నజీవులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

6. కోతకు సిద్ధమవుతున్న కరివేపాకుపై రసాయనిక మందులు చల్లరాదు.

విద్యార్థులకు అభ్యాసం

ప్రతి విద్యార్థి పది గుడ్లను సేకరించి నెలరోజుల పాటు నమోదు పుస్తకం నిర్వహించాలి. అందులో గుడ్డు దొరికిన మొక్క, ఆకు లేతదనం, రోజువారీ ఉష్ణోగ్రత, కుబుసం విడిచిన తేదీలు, తిన్న ఆకుల సంఖ్య, మరణించినచో కారణం ఉండాలి. తరగతిలోని అందరి లెక్కలను ఒకటిగా చేర్చి, దశలవారీగా ఎన్ని బ్రతికినవో తెలిపే జీవన పట్టిక తయారుచేయాలి. కరివేపాకు, నిమ్మ, మారేడు ఆకులపై పెరిగిన పురుగుల కాలాన్ని, ప్యూపా బరువును పోల్చడం స్నాతకోత్తర విద్యార్థులకు తగిన చిన్న పరిశోధనాంశం.

ముగింపు

వసంతారంభపు తొలి చిగురుపై కనిపించే లేత పసుపు గుడ్డు ఒక పురుగుకు ఆరంభం కావచ్చు, నాలుగైదు మిత్ర కందిరీగలకు ఆహారమూ కావచ్చు. ఏదో తెలియకముందే చల్లిన మందు రెండింటినీ ఒకేవిధంగా చంపుతుంది. పారవేయబోయే కొద్దిపాటి గుడ్లను జాగ్రత్తగా పెంచి, లెక్కరాసిన విద్యార్థికి ఆ తేడా కంటితో పట్టే అలవాటు కలుగుతుంది. ఈ పాఠాన్ని గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలోనూ, కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలలోనూ చేర్చి, నారుమళ్ళ యజమానుల సమక్షంలోనే గుడ్ల గొట్టాలను ఉంచి చూపించడం ఉపయుక్తం. నల్లబడిన గుడ్డు నుండి కందిరీగ వెలువడడాన్ని స్వయంగా చూసిన రైతుకు, పిచికారీ వాయిదా వేయమనే సలహాను వేరుగా వివరించవలసిన పని ఉండదు.